సర్చూలో దోస్తును కిందికి పంపి నేను ముందుకెళ్ళాను. ఏడాదైంది, మా మధ్య ఏదో తేడా వచ్చింది

ఓరుగల్లు_చక్రం
2025 జూన్ 14, రాత్రి 10:52

అందరికీ నమస్తే. ఈ వేదికలో నాలుగేళ్ళుగా చదువుతున్నా, రాసింది తక్కువ. ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది హనుమకొండ. నేనూ మా దోస్తూ పాలిటెక్నిక్ రోజుల నుంచి కలిసే ఉన్నాం. సైకిల్ పిచ్చి ఇద్దరికీ ఒకేసారి పట్టింది. ఆదివారం పాకాల చెరువు, రెండు రోజులు సెలవు దొరికితే రామప్ప. 2023లో ఇద్దరం ఒకటే మోడల్ మౌంటెన్ బైక్ కొన్నాం. కావాలనే అలా కొన్నాం. దూరం వెళ్ళినప్పుడు స్పేర్ సామాను ఇద్దరికీ కలిపి ఒక్క సెట్ మోస్తే సరిపోతుందని. పంపు ఒకటి, గేర్ హ్యాంగర్ ఒకటి, బ్రేక్ ప్యాడ్లు ఒక జత.

2024 జులైలో మనాలి నుంచి లేహ్, అక్కడి నుంచి ఖర్దుంగ్ లా (లా అంటే కనుమ) అనుకుని బయల్దేరాం. రోహ్తాంగ్ మీదుగానే ఎక్కాం. మొదటి రాత్రి మఢీ, రెండోది సిస్సూ, మూడోది జిస్పా. నాలుగో రోజు దార్చా దాటి జింగ్ జింగ్ బార్ చేరేసరికి వాడికి ఎత్తు వల్ల తలనొప్పి మొదలైంది. మాత్ర వేసుకుని పడుకున్నాడు. ఐదో రోజు బారాలాచా లా, 4,890 మీటర్లు. చివరి ఐదు కిలోమీటర్లు సైకిల్ నెట్టుకుంటూ వచ్చాడు. సాయంత్రం సర్చూలో డేరా హోటల్లో రాజ్మా చావల్ పెడితే ముట్టలేదు. రాత్రి రెండుసార్లు వాంతి. ఆక్సీమీటర్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 70 శాతం దగ్గర కొట్టుకుంటోంది.

పొద్దున వాడే అన్నాడు, "నువ్వు వెళ్ళు మామా. నేను కీలాంగ్ దిగిపోతా. ఇద్దరం దిగితే ఇద్దరిదీ పోతుంది" అని. నేను కాదన్నాను. మూడుసార్లు కాదన్నాను. నాలుగోసారి అనలేదు. మనాలి వైపు వెళ్తున్న ఒక టెంపో ట్రావెలర్‌లో సీటు దొరికింది. సైకిల్ పైన కట్టాం. నా వెనక బ్రేక్ ప్యాడ్లు అప్పటికే అరిగి ఇనుము తగులుతున్నాయి, స్పేర్ జత రోహ్తాంగ్ దిగుడు బురదలోనే అయిపోయింది. వాడు తన సైకిల్ వెనక ప్యాడ్లు తీసి ఇచ్చాడు. పంపు, ట్యూబు కూడా నా సంచిలో పెట్టాడు. బండి వెళ్ళిపోయింది.

నేను లేహ్ చేరాను. ఖర్దుంగ్ లా కూడా ఎక్కాను. వాడు కోలుకున్నాడు, ఏ ప్రమాదమూ జరగలేదు.

కానీ అప్పటి నుంచి వాడు నాతో సైకిల్ తొక్కలేదు. కలుస్తాం, టీ తాగుతాం, ఇంట్లో ఫంక్షన్లకు వస్తాడు. ఆదివారం రమ్మంటే ఏదో పని చెప్తాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నేను చేసింది తప్పా? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

గచ్చిబౌలి_పెడల్
2025 జూన్ 14, రాత్రి 11:31

తమ్ముడూ, సూటిగా చెప్తున్నా, ఏమీ అనుకోకు. కలిసి బయల్దేరినవాళ్ళు కలిసే తిరిగి రావాలి. లేహ్ ఎక్కడికీ పోదు. వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. ఒంట్లో బాగోలేని మనిషి "నువ్వు వెళ్ళు" అంటే అది మర్యాదకు అన్న మాట. మా ఇంట్లో మా నాన్న కూడా ఆసుపత్రిలో ఉండి "నువ్వు ఆఫీసుకు పో" అనేవాడు. పోయేవాళ్ళమా?

నువ్వు మూడుసార్లు కాదన్నావు, మంచిదే. నాలుగోసారి కూడా అనాల్సింది.

డెన్వర్_గుంటూరోడు
2025 జూన్ 15, ఉదయం 6:08

పైన అన్న రాసినదానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. నా అనుభవం చెప్తాను.

ఇక్కడ గ్రేట్ డివైడ్ అని ఒక మౌంటెన్ బైక్ దారి ఉంది. కెనడా రాకీ పర్వతాల్లో మొదలై న్యూ మెక్సికో దక్షిణ కొసన యాంటిలోప్ వెల్స్ దగ్గర మెక్సికో సరిహద్దును తాకుతుంది. 4,000 కిలోమీటర్ల పైనే, ఎక్కువ భాగం మట్టి రోడ్లు. అంతా తొక్కే సెలవులు మనకెక్కడివి. నేనూ, తెనాలి నుంచి ఇక్కడికొచ్చిన ఒక స్నేహితుడూ వయోమింగ్‌లో అట్లాంటిక్ సిటీ నుంచి కొలరాడోలో సలైడా దాకా పెట్టుకున్నాం.

మొదటి రెండు రోజులు గ్రేట్ డివైడ్ బేసిన్. అక్కడ పడిన వాన ఏ సముద్రానికీ పోదు, ఆ పల్లంలోనే ఇంకిపోతుంది. రాలిన్స్ దాకా 200 కిలోమీటర్ల పైన ఒక్క కొట్టు లేదు. చెట్టు కూడా లేదు, సేజ్ పొదలూ గాలీ తప్ప. ఒక్కొక్కరం ఎనిమిది లీటర్ల నీళ్ళు మోశాం. అంత ఖాళీ చోట ఇద్దరు మనుషులు రోజంతా పక్కపక్కన ఉంటే ఏమవుతుందో తెలుసా? వాడు నీళ్ళు గుటక వేసే చప్పుడు కూడా నాకు చిరాకు తెప్పించింది. నేను ఎత్తు ఎక్కేటప్పుడు కూనిరాగం తీస్తానట, అది వాడికి నరకం. పన్నెండేళ్ళ స్నేహం, రెండో రోజు సాయంత్రానికి మాటల్లేవు.

స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్‌లో వాడి మోకాలు వాచింది. ఆగిపోయాడు. నేను ఒక్కణ్ణే బోరియాస్ పాస్ దాటి సలైడా వెళ్ళాను. మా మధ్య ఏ తేడా రాలేదు. ఎందుకంటే బయల్దేరే ముందే మా ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం: ఒకరు ఆగితే రెండోవాళ్ళు ఏం చేయాలి, ఎక్కడ ఆగితే సరే, ఎక్కడ ఆగితే ఇద్దరూ వెనక్కి రావాలి అని. ఊళ్ళో ఆగితే రెండోవాడు వెళ్ళొచ్చు. ఊరు లేని చోట ఆగితే ఇద్దరూ కలిసే బయటపడాలి. అదీ మా ఒప్పందం.

మీరిద్దరూ అలా ముందు మాట్లాడుకున్నారా?

మాజీ_ఫౌజీ_సిక్కోలు
2025 జూన్ 15, ఉదయం 7:40

ఆ రోడ్డు మీద నేను పదకొండు నెలలు ఉన్నాను బాబూ, కాన్వాయ్ డ్యూటీ. సర్చూ గురించి ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్పాలి.

సర్చూ ఒక గిన్నె లాంటి చోటు. 4,290 మీటర్లు. మనిషికి అక్కడ బాగోకపోతే కిందికి దించాలి, అదే మందు. కానీ సర్చూ నుంచి కిందికి దారి లేదు. మనాలి వైపు దిగాలంటే ముందు బారాలాచా మళ్ళీ ఎక్కాలి, 600 మీటర్లు పైకి. లేహ్ వైపు అయితే గాటా లూప్స్, నకీ లా, 5,000 దాటిన లాచులుంగ్ లా, ఆ తర్వాత 5,328 మీటర్ల తంగ్‌లంగ్ లా. అందుకే చాలామంది సర్చూలో ఇంకో రాత్రి చూద్దాం అనుకుంటారు. ఆ రెండో రాత్రే ప్రాణం మీదికొస్తుంది. మీవాడు పొద్దున్నే దిగిపోతానని అనడం చాలా తెలివైన పని. బండిలో బారాలాచా గంటా గంటన్నరలో దాటేస్తారు, అక్కణ్ణుంచి అంతా దిగుడే.

వెళ్ళడం మానడం గురించి నేను ఏమీ అనను. కానీ మాకు ఫౌజులో బడ్డీ అని ఉంటాడు. బడ్డీకి జ్వరమొస్తే వాడి రైఫిల్ కూడా నేనే తుడిచేవాణ్ణి. వాణ్ణి ఒక్కణ్ణే బండెక్కించడం మాకు తెలియని పద్ధతి.

కర్నూలు_డాక్టర్
2025 జూన్ 15, ఉదయం 9:15

ఫౌజీ గారు సర్చూ గురించి రాసింది అక్షరాలా నిజం.

ఓరుగల్లు గారూ, మూడు ప్రశ్నలు. ఒకటి, ఆయన నడుస్తుంటే తూలాడా, మాట తడబడిందా? రెండు, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, దగ్గు ఉన్నాయా? మూడు, జిస్పాలో ఎన్ని రాత్రులు ఉన్నారు?

ఓరుగల్లు_చక్రం
2025 జూన్ 15, మధ్యాహ్నం 1:22

డాక్టరు గారూ, తూలలేదు. ఒక గీత మీద పాదం వెనక పాదం పెట్టి నడిపించి చూశాను, బాగానే నడిచాడు. మాట స్పష్టంగా ఉంది. దగ్గు లేదు. తలనొప్పి, వాంతులు, నిద్ర లేకపోవడం, అంతే.

జిస్పాలో ఒక్క రాత్రే ఉన్నాం.

మా ప్లాన్‌లో రెండు రాత్రులు రాసుకున్నాం. వాడే రాశాడు. జిస్పా 3,200 మీటర్లు, జింగ్ జింగ్ బార్ 4,270. మధ్యలో ఒక రోజు ఆగాలని వాడికి తెలుసు. ఆ పొద్దున ఆకాశం తేటగా ఉంది, నా కాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. నాకు ఆఫీసులో ఇచ్చిన సెలవులు పదహారు రోజులే, ఒక రోజు చేతిలో మిగిలితే ఖర్దుంగ్ లా దగ్గర టెన్షన్ ఉండదని నేనే తొందరపెట్టాను. "ఒక్క రోజు ఆగుదాం మామా" అన్నాడు. "మనకేమైంది, గుర్రాల్లా ఉన్నాం" అన్నాను.

ఇది మొదటి పోస్టులో రాయలేదు. రాయాల్సింది.

డెన్వర్ అన్నా, అలాంటి ఒప్పందం మేము మాట్లాడుకోలేదు. ఏ డేరాలో పడుకోవాలి, ఎన్ని ట్యూబులు మోయాలి, అన్నీ మాట్లాడుకున్నాం. ఇది తప్ప.

కర్నూలు_డాక్టర్
2025 జూన్ 15, మధ్యాహ్నం 2:05

దాచకుండా చెప్పినందుకు సంతోషం. చూడండి, ఎత్తు ఒకే ఊళ్ళో పెరిగిన ఇద్దరిలో ఒకరిని పట్టుకుంటుంది, ఒకరిని వదిలేస్తుంది. బలంతో, ప్రాక్టీసుతో దానికి సంబంధం లేదు. గట్టిగా తొక్కగలిగినవాళ్ళే వేగంగా ఎత్తుకు చేరి ఎక్కువగా చిక్కుకుంటారు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక పూర్తి రోజు అక్కడే ఆగాలి. మీరు ఒక్క రోజులో వెయ్యి మీటర్ల పైన పెంచారు.

ఆయన్ను దించడం సరైన పని. ఒంటరిగా పంపడం మాత్రం సరికాదు. ఆ రోజు ఆయన బాగానే నడిచాడు, మంచిదే. కానీ మెదడులో వాపు మొదలైతే మనిషికి తనకేమవుతోందో తనకే తెలియదు. పక్కన తెలిసినవాడు ఉండాలి అనేది అందుకే. అదృష్టం బాగుంది కాబట్టి ఇవాళ మనం స్నేహం గురించి మాట్లాడుకుంటున్నాం.

అనంతగిరి_ఘాట్
2025 జూన్ 15, సాయంత్రం 6:47

నేను విశాఖ నుంచి. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కడం మాకు వారం వారం అలవాటు. మా జంటలో మెల్లగా తొక్కేదాన్ని నేను, అందుకని మెల్లగా తొక్కేవాళ్ళ వైపు నుంచి చెప్తాను.

2022లో నేనూ మా స్నేహితురాలూ సిమ్లా నుంచి కాజా వెళ్ళాం. నార్కండా, రాంపూర్, రెకాంగ్ పియో, నాకో, టాబో మీదుగా. సట్లెజ్ పక్కన ఎండ, దుమ్ము, ఒక్కోచోట తల మీదికి వంగిన రాయి కింద రోడ్డు. తను నాకంటే చాలా బలంగా తొక్కుతుంది. ప్రతి ఎత్తు తర్వాత నా కోసం ఆగేది. పాపం మంచిదే కదా అనుకుంటాం. కానీ ఏమయ్యేదంటే, తను పది నిమిషాలు రాయి మీద కూర్చుని, నీళ్ళు తాగి, ఖర్జూరాలు తిని, నేను రొప్పుకుంటూ అక్కడికి చేరగానే "వచ్చేశావా, పద" అని లేచేది. తనకు పది నిమిషాల విశ్రాంతి, నాకు సున్నా. ఇలా రోజుకు పదిహేను సార్లు. ఒక రోజు పూహ్ దగ్గర నేను రోడ్డు మీద కూర్చుని ఏడ్చేశాను. తనకు నిజంగా అర్థం కాలేదు, "నేను ప్రతిసారీ ఆగాను కదే" అంది.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చుకున్నాం. ముందు నేను, వెనక తను. నేను చేరాక ఇద్దరం కలిసి కూర్చుంటాం, లేచేది నేను. కాజా చేరేసరికి మేము బయల్దేరినప్పటికంటే దగ్గరయ్యాం.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఓరుగల్లు గారూ, మీరు సర్చూలో ఆ ఉదయం గురించే అడుగుతున్నారు. ఆయనను బాధపెట్టింది ఆ ఉదయమే అని మీకెలా తెలుసు? జిస్పాలో "గుర్రాల్లా ఉన్నాం" అన్న మాట కావచ్చు. ఇంకేదైనా కావచ్చు. వచ్చాక ఈ ప్రయాణం గురించి మీరు నలుగురికీ చెప్పుంటారు కదా. అలా చెప్పినప్పుడు ఆయన అందులో ఎక్కడి దాకా ఉన్నారు?

గచ్చిబౌలి_పెడల్
2025 జూన్ 15, రాత్రి 9:10

మేడం అడిగింది మంచి ప్రశ్న. నేను నిన్న కొంచెం గట్టిగా రాశాను తమ్ముడూ. నా మాట మారలేదు గానీ, నువ్వు ప్యాడ్ల సంగతి రాసింది ఇవాళ మళ్ళీ చదివాను. ఒంట్లో బాగోలేని మనిషి తన సైకిల్ ప్యాడ్లు ఊడదీసి ఇచ్చాడంటే "నువ్వు వెళ్ళు" అనడం మర్యాదకు కాదు. నిజంగానే వెళ్ళమన్నాడు. అంతవరకు నేను వెనక్కి తీసుకుంటున్నా.

కొత్త_తొక్కుడు
2025 జూన్ 15, రాత్రి 9:44

అందరికీ నమస్కారం. మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు క్షమించండి. నేనూ మా బావా వచ్చే నెలలో ఇదే దారిలో వెళ్తున్నాం, టికెట్లు కూడా అయిపోయాయి. ఇది చదివాక భయమేస్తోంది. ఓరుగల్లు అన్నా, సర్చూ నుంచి ఒక్కరే వెళ్ళినప్పుడు ఎలా అనిపించింది? దారి ఎలా ఉంది?

ఓరుగల్లు_చక్రం
2025 జూన్ 15, రాత్రి 11:58

తమ్ముడూ, దారి గురించి చెప్తా.

సర్చూ నుంచి ఇరవై పైన కిలోమీటర్లు సారప్ నది పక్కన చదునుగా ఉంటుంది. తర్వాత గాటా లూప్స్, 21 మలుపులు. ఒక మలుపు దగ్గర చిన్న గుడి లాంటిది, దాని చుట్టూ నీళ్ళ సీసాల గుట్ట. దాహంతో అక్కడ చనిపోయిన ఒక లారీ మనిషి ఆత్మ కోసం పెడతారని చెప్పుకుంటారు. నేనూ ఒకటి పెట్టాను. ప్రతి మలుపులో కింద రోడ్డు మొత్తం కనబడుతుంది. మామూలుగా అయితే కింద రెండో సైకిల్ కనబడాలి. అలవాటుగా చూసేవాణ్ణి.

ఆ రాత్రి విస్కీ నాలా దగ్గర డేరాలో పడుకున్నా. మర్నాడు లాచులుంగ్ లా దాటి పాంగ్ దిగుడు. రోడ్డు కొన్నిచోట్ల అసలు లేదు, రాళ్ళూ ఇసుకా. వెనక బ్రేక్ లేకపోతే ఆ దిగుడు నడిచి దిగాల్సిందే. పాంగ్ తర్వాత మోరె మైదానం, నలభై కిలోమీటర్లు బల్లపరుపు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే హాయి, మధ్యాహ్నం అయితే ఎదురుగాలి నిలబెట్టేస్తుంది. ఇద్దరుంటే ఒకరి వెనక ఒకరు తొక్కొచ్చు. ఒక్కడికి గాలి మొత్తం తనదే. తంగ్‌లంగ్ లా మీద ఊపిరికి సముద్రమట్టం కంటే సగం ఆక్సిజనే దొరుకుతుంది, వంద తొక్కులు తొక్కి ఆగడం, మళ్ళీ వంద. అక్కణ్ణుంచి రుమ్‌సే, ఉప్షీ దిగుడంతా స్వర్గం. ఎర్ర కొండలు, బార్లీ చేలు.

నాలాలు, అంటే రోడ్డుకు అడ్డంగా పారే వాగులు, మాత్రం పొద్దున్నే దాటండి. మధ్యాహ్నానికి మంచు కరిగి మోకాళ్ళ పైకి వస్తాయి.

అనంతగిరి గారూ, మీ ప్రశ్న సాయంత్రం నుంచి నన్ను వదలడం లేదు. జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను.

డెన్వర్_గుంటూరోడు
2025 జూన్ 16, ఉదయం 5:30

తొందరేం లేదు తమ్ముడూ. ఇక్కడ రాయక్కర్లేదు కూడా. వీలైతే ఆయనతోనే మాట్లాడు.

సర్చూ_దాకా
2025 జూన్ 17, రాత్రి 8:36
(కొత్త సభ్యుడు, మొదటి పోస్టు)

ఈ చర్చ లింకు మా సైకిల్ గ్రూపులో ఎవరో పెట్టారు. ఊరి పేరు, పాకాల, ప్యాడ్లు, ఇంకెవరై ఉంటారు. నేనే ఆ దోస్తును.

ముందు పెద్దవాళ్ళకు నమస్కారం. మీరంతా నా గురించి ఇంత ఆలోచించారు, నాకు చాలా సంతోషంగా ఉంది.

కొన్ని సంగతులు చెప్తాను. బండిలో నేను ఒంటరిగా లేను. పుణె నుంచి వచ్చిన ఒక పెద్దాయన, వాళ్ళావిడ నన్ను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. బారాలాచా మీద మళ్ళీ వాంతి అయితే ఆవిడ తన శాలువా నా మెడకు చుట్టింది. దార్చా దాటాక తలనొప్పి ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. కీలాంగ్ ఆసుపత్రిలో ఒక రాత్రి ఆక్సిజన్ పెట్టారు. పొద్దున లేచి నాలుగు పరాఠాలు తిన్నాను.

తర్వాత ఐదు రోజులు కీలాంగ్‌లోనే ఉన్నాను. వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. అప్పుడు దార్చా దాటితే మా ఫోన్లు పనిచేయలేదు కాబట్టి వీడు ఉప్షీ చేరితే గానీ కబురు తెలియదు. వీడికి ఏదైనా అయితే నేను మనాలిలో ఉండి ఏం చేస్తాను? రోజూ బజారులో కూర్చుని బఠాణీ మూటలు లారీలకెక్కించడం చూసేవాణ్ణి. ఎదురుగా భాగా నది అవతల కొండ మీద కార్దంగ్ గొంపా, బౌద్ధుల మఠం. లేహ్ వైపు నుంచి ఎవరొచ్చినా ఆపి అడిగాను, నీలం సైకిల్, వెనక ఎర్ర సంచి, బక్కగా ఉంటాడు, చూశారా అని. మూడో రోజు ఒక ఫ్రాన్స్ జంట మోరె మైదానంలో చూశామన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఉప్షీ నుంచి మొదటి ఫోను నాకే చేశాడు. వాళ్ళమ్మకు కూడా తర్వాతే. ఇద్దరం ఏడ్చాం. కాబట్టి సర్చూలో నన్ను వదిలేశాడని నేను ఒక్క నిమిషం కూడా అనుకోలేదు. నిజంగానే వెళ్ళమన్నాను. జిస్పా సంగతి కూడా నాకు గుర్తు లేదు, గట్టిగా ఆగుదాం అని నేను అనాల్సింది.

ఇంకో నాలుగు రోజులకు ఖర్దుంగ్ లా ఫోటో పెట్టాడు. బోర్డు పక్కన సైకిల్ ఎత్తి పట్టుకుని. ఆ ఫోటోలో వెనక చక్రం దగ్గర నా ప్యాడ్లు కనిపిస్తున్నాయి, జూమ్ చేసి చూశాను. కింద రాశాడు, "మనాలి టు ఖర్దుంగ్ లా, సోలో" అని.

అంతే మామా. ఇంకేం లేదు.

రెండు వందల ఇరవై కిలోమీటర్లు నీ పక్కన తొక్కాను. రోహ్తాంగ్ బురదలో నీ చైను తెగితే వానలో కూర్చుని కలిపాను. మనాలి నుంచి అన్నావు చూడు, అక్కడ తగిలింది. సర్చూ నుంచి సోలో అని ఉంటే నాకు ఏమీ అనిపించేది కాదు. తర్వాత ఎవరు కలిసినా "మీ దోస్తు సోలోగా కొట్టాడంట కదా" అనేవారు. అవునండీ అనేవాణ్ణి. ఏమని చెప్పాలి?

చిన్న విషయం. ఒక ఏడాది మోయాల్సినంత పెద్దది కాదు. అందుకే నోరు తెరిచి అనలేకపోయాను.

అనంతగిరి_ఘాట్
2025 జూన్ 17, రాత్రి 9:02

చిన్న విషయం కాదు తమ్ముడూ.

మాజీ_ఫౌజీ_సిక్కోలు
2025 జూన్ 17, రాత్రి 9:20

ఐదు రోజులు కీలాంగ్‌లో కూర్చున్నావు. బాబూ, నా ప్లటూన్‌లో ఉండాల్సినవాడివి.

ఓరుగల్లు_చక్రం
2025 జూన్ 17, రాత్రి 9:41

ఇప్పుడే చదివాను. ఇక్కడ ఏమీ రాయను. బయల్దేరుతున్నా, పది నిమిషాల్లో నీ ఇంటి ముందుంటా. గేటు వేయకు.

కొత్త_తొక్కుడు
2025 జూన్ 18, ఉదయం 8:15

ఏమైందో చెప్పండి అన్నా. మా బావ కూడా చదివాడు. రాత్రి ఇద్దరం కూర్చుని, ఎవరు ఆగితే ఎవరేం చేయాలో ఒక కాగితం మీద రాసుకున్నాం. ఊళ్ళో ఆగితే రెండోవాడు వెళ్ళొచ్చు, ఎత్తు వల్ల బాగోకపోతే మాత్రం ఎక్కడైనా ఇద్దరం దిగాలి అని రాసుకున్నాం. జిస్పాలో రెండు రాత్రులు పెట్టాం.

కర్నూలు_డాక్టర్
2025 జూన్ 18, ఉదయం 8:50

చాలా మంచి పని. ఎత్తు పడకపోవడానికి వేసుకునే డైమాక్స్ మాత్ర విషయం ఊరు వదిలే ముందే మీ డాక్టరును కలిసి అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళు ఉంటారు. ఆ మాత్ర వేసుకున్నా నెమ్మదిగా ఎక్కడం తప్పదు. ఆక్సీమీటర్ అంకె కంటే మనిషిని చూడండి. తిన్నాడా, నిద్రపోయాడా, మామూలుగా మాట్లాడుతున్నాడా. రోజూ సాయంత్రం ఒకరినొకరు అడగండి, నిజం చెప్పండి.

ఓరుగల్లు_చక్రం
2025 జూన్ 18, రాత్రి 10:30

రాత్రి ఒంటిగంట దాకా వాళ్ళింటి మెట్ల మీద కూర్చున్నాం. ఏం మాట్లాడుకున్నామో మా దగ్గరే ఉంచుకుంటాం.

అనంతగిరి గారూ, మీ ప్రశ్నకు జవాబు ఇది. వాడు నా కథలో రోహ్తాంగ్ దాకా కూడా లేడు. ఆఫీసులో, చుట్టాల్లో, సైకిల్ గ్రూపులో, ప్రతిచోటా సోలో అనే చెప్పాను. ఒకసారి ఆ మాట అన్నాక అందరూ మెచ్చుకున్నారు, తర్వాత మార్చాలని అనిపించలేదు. అది రాసినప్పుడు వాడి గురించి ఆలోచించనే లేదు. అదే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. ఫోటో కింద మార్చి రాశాను, ఇద్దరి పేర్లూ, ఎక్కడి దాకా ఎవరు తొక్కారో. గ్రూపులో కూడా రాశాను.

ఇంకొకటి చెప్పాలి. వాళ్ళ వరండాలో వాడి సైకిల్ మీద దుప్పటి కప్పి ఉంది. తీసి చూశాను. హైడ్రాలిక్ బ్రేకులు కదా, ప్యాడ్లు తీసేశాక పొరపాటున లివర్ నొక్కితే పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. అందుకని సర్చూలో వాడు తల పట్టుకుని కూర్చునే ఒక బిస్కెట్ ప్యాకెట్ అట్టను నాలుగు మడతలు పెట్టి వెనక కాలిపర్‌లో, అంటే ప్యాడ్లు ఉండే చోట, దూర్చాడు. ఆ అట్ట ఇంకా అక్కడే ఉంది. ఏడాదిగా తీయలేదు.

ఇవాళ ఆఫీసు అయ్యాక హనుమకొండలో రెండు జతల ప్యాడ్లు కొన్నాను. ఇద్దరం కూర్చుని వేశాం. అట్ట వాడు పారేయబోతే నేను తీసుకుని పర్సులో పెట్టుకున్నా. నా సైకిల్‌కు ఉన్న వాడి పాత ప్యాడ్లు తీసిచ్చాను. చేతిలో పెట్టుకుని చూసి, "ఇంకో తంగ్‌లంగ్ లా వస్తాయి మామా" అన్నాడు.

సర్చూ_దాకా
2025 జూన్ 18, రాత్రి 10:55

వస్తాయి. కొలిచాను, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉన్నాయి.

కొత్త_తొక్కుడు తమ్ముడూ, మీ ప్లాన్ ఇక్కడ పెట్టు, చూస్తా. జిస్పాలో రెండు రాత్రులు అన్నావు, మంచిది. ఆ మధ్య రోజు ఊరికే పడుకోకండి, ఖాళీ సైకిళ్ళతో దార్చా పైకి ఒక పది కిలోమీటర్లు ఎక్కి దిగి రండి. జింగ్ జింగ్ బార్‌లో పడుకునే బదులు దానికంటే కింద పట్సియోలో ఒక రాత్రి వేసుకోండి. సర్చూలో ఒక్క రాత్రి మించి వద్దు. ప్యాడ్లు మనిషికి రెండు జతలు.

ఓరుగల్లు_చక్రం
2025 జూన్ 18, రాత్రి 11:04

పంపులు కూడా రెండు.

సర్చూ_దాకా
2025 జూన్ 18, రాత్రి 11:06

పంపు ఒకటి చాలు. ఆదివారం ఐదున్నరకు భద్రకాళి కట్ట మీద ఉండు. పాకాల. ముందు నేను తొక్కుతా.